రెజ్యూమెలో ‘ఎంఎస్ ఆఫీస్’ ఉంది సరే.. బోరబండలో ఒక బిల్లు తీయగలరా?

రెజ్యూమెలో ‘కంప్యూటర్ స్కిల్స్’ అన్నచోట ‘ఎంఎస్ ఆఫీస్’ అని రాయని డిగ్రీ, బీటెక్ విద్యార్థి నాకు ఇంతవరకు కనబడలేదు. అందరం రాసేస్తాం. వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ అని విడగొట్టి మూడు లైన్లు నింపేవాళ్లు కూడా ఉన్నారు. ఇంటర్వ్యూలో దాని గురించి ఎవరూ అడగరులే అని ధీమా. నిజమే, చాలాచోట్ల అడగరు. ఎందుకు అడగరంటే ఆ మాటకు అర్థం లేదని వాళ్లకు ఎప్పుడో తెలిసిపోయింది కాబట్టి. ఆ మూడు లైన్లకు విలువ తెచ్చుకునే చోటు హైటెక్ సిటీలో లేదనీ, దానికి ఒక స్టేషన్ ఇవతల ఉందనీ నా వాదన.

నేనుండేది బోరబండలో. ఎంఎంటీఎస్ ఎక్కి లింగంపల్లి వైపు వెళ్తే మా తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుంచి ఆ వైపు అద్దాల మేడలు లేస్తూ వచ్చాయి. ఈ వైపు ఆ మేడలకు కావాల్సినవన్నీ అందించే చిన్న వ్యాపారాలు పుట్టుకొచ్చాయి. అక్కడి ఆఫీసులో మధ్యాహ్నం తినే భోజనం, బల్ల పక్కన ఉండే నీళ్ల క్యాను, హౌస్‌కీపింగ్ వాళ్లు తొడుక్కునే యూనిఫాం.. వీటిలో చాలా వరకు సైట్-3, మోతీనగర్, అల్లాపూర్ గల్లీల్లోంచి ట్రాలీ ఆటోల్లో వెళ్లేవే. ప్రపంచంలో ఎక్కడెక్కడి కంపెనీలకో సాఫ్ట్‌వేర్ రాసిచ్చే ఊరు మనది. అదే ఊరికి అన్నం పంపే మనిషి లెక్క మాత్రం ఇంకా లాంగ్ నోట్‌బుక్‌లోనే ఉంది.

ఆ నోట్‌బుక్ వెక్కిరించాల్సింది కాదు. దాని సంగతి తర్వాత చెప్తా.

మా గల్లీలో ఒక కేటరింగ్ అన్న ఉన్నాడు. తెల్లవారుజామున మూడున్నరకి పొయ్యి వెలిగిస్తాడు. మాదాపూర్‌లో నాలుగైదు చిన్న ఆఫీసులకు లంచ్, రెండు హాస్టళ్లకు రెండు పూటలా భోజనం పంపుతాడు. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసుల నుంచి వాట్సాప్‌లో లెక్క వస్తుంది: ‘ఈరోజు 62’. పదకొండింటికి ఇంకో మెసేజ్: ‘ట్రైనీలు వచ్చారు, ఇంకో 5’. ఆ ఐదు ప్లేట్లు వెళ్తాయి కానీ నోట్‌బుక్‌లోకి ఒక్కోసారి ఎక్కవు. ఎక్కినా అవతల వాళ్ల లెక్కలో ఉండవు. నెలాఖరుకు ఒక ఆఫీసుకు ఈయన లెక్క 1,310 ప్లేట్లు, వాళ్ల లెక్క 1,240. ప్లేటు 90 రూపాయలు. తేడా 6,300. పెద్ద కస్టమర్‌తో గొడవ ఎందుకని అన్న వదిలేసుకుంటాడు. ఒక నెల కాదు, ప్రతి నెలా. ఆయనకు వచ్చే లాభంలో అది ఎంత భాగమో ఒకసారి ఊహించుకోండి.

ఇక్కడ చాలామంది చెప్పే మందు ఒకటే: ‘మంచి సాఫ్ట్‌వేర్ పెట్టుకో అన్నా’. ఏ సాఫ్ట్‌వేర్? ఎందుకు? ఆ ప్రశ్న దగ్గరే మనలాంటి వాళ్ల పని మొదలవుతుంది.

ఒకే మనిషికి మూడు పేర్లు

ఇంటిగ్రేటెడ్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అంటే నలభై యాప్‌లు ఒకే లాగిన్‌లో దొరకడం అని కంపెనీలు ప్రచారం చేస్తాయి. నా దృష్టిలో దాని అర్థం చాలా చిన్నది: ఒకచోట రాసినదాన్ని ఇంకోచోట మళ్లీ రాయకపోవడం. ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3కి ఆ పేరు ఎందుకు పెట్టారంటే లెక్కల పట్టిక, గ్రాఫులు, డేటాబేస్ మూడూ ఒకేదాంట్లో ఇచ్చారు కాబట్టి. 1989లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ మొదట మ్యాక్ కంప్యూటర్లకు వచ్చింది, విండోస్‌కు ఆ మరుసటి ఏడాది. మన దగ్గర చిన్న వ్యాపారికి బాగా తెలిసిన పేరు మాత్రం ట్యాలీ. బెంగళూరులో 1986లో మొదలైన కంపెనీ అది. 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో పుట్టిన జోహో 2017లో ‘జోహో వన్’ అని మెయిల్, బిల్లింగ్, అకౌంట్స్, హెచ్ఆర్ అన్నీ ఒక కట్టగా అమ్మడం మొదలుపెట్టింది. సరుకు ఉంది, కొరత లేదు.

కేటరింగ్ అన్న దగ్గర నేను చూసినదేంటంటే, మాదాపూర్‌లో ఆయనకు ఒక కస్టమర్ ఉంది. నోట్‌బుక్ రాసే వదిన ఆ ఆఫీసును ‘చిట్టి మేడమ్ ఆఫీస్’ అని రాస్తుంది. అన్న ఫోన్‌లో అది ‘లిఫ్ట్ బిల్డింగ్’. వారానికి రెండుసార్లు ఎర్రగడ్డ నుంచి వచ్చే పార్ట్‌టైం అకౌంటెంట్ ట్యాలీలో అదే ఆఫీసు చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ ఉన్న ఇంకేదో పేరుతో ఉంటుంది, బోర్డు మీద కూడా కనబడని పేరు. ముగ్గురికీ మూడు పేర్లు. ఇక నలభై యాప్‌లు కొని ఏం లాభం? తప్పుల్ని ఇంకా వేగంగా చేస్తాం, అంతే.

కాబట్టి ముందు చేయాల్సింది సాఫ్ట్‌వేర్ కొనడం కాదు, ఒక పేర్ల పట్టిక తయారు చేయడం. ప్రతి కస్టమర్‌కు ఒక చిన్న కోడ్, దాని పక్కన అందరూ పిలుచుకునే పేరు, అసలు పేరు, జీఎస్టీ నంబర్. ఈ జీఎస్టీ నంబర్‌ను తెలివిగా వాడుకోవచ్చు. 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది ఆ కంపెనీ పాన్ నంబరే. చివరిది సరిచూసుకునే అక్షరం. పేరు ఎన్నిరకాలుగా రాసినా ఈ నంబర్ మారదు కదా. బాలానగర్, సనత్‌నగర్ వైపు చిన్న మెషిన్ షాపులవాళ్లను అడగండి, ఇందులో ఒక్క అక్షరం తప్పు పడితే ఏమవుతుందో చెప్తారు. సరుకు కొన్న కంపెనీ జీఎస్టీఆర్-2బీలో ఆ బిల్లు కనబడదు. కనబడకపోతే వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. క్రెడిట్ రాకపోతే పేమెంట్ ఆపేస్తారు. ఒక్క అక్షరం!

ఆ పట్టిక అయ్యాక మిగతాది తేలికైంది. డెలివరీకి వెళ్లే పిల్లల ఫోన్లలో ఒక గూగుల్ ఫామ్. అడిగేవి మూడే: కస్టమర్ కోడ్, ప్లేట్లు, సంతకం పెట్టిన చలాన్ ఫొటో. తేదీ, టైం దానంతట అదే పడుతుంది. ట్రైనీల కోసం తర్వాత పంపిన ఐదు ప్లేట్లకు ఇంకో ఎంట్రీ, ఇంకో సంతకం. అదంతా ఒక షీట్‌లోకి చేరుతుంది. నెలాఖరున పివట్ టేబుల్ వేస్తే ఎవరికి ఎన్నో తేలిపోతుంది. మొదటి నెల ఆ మాదాపూర్ ఆఫీసుతో తేడా నాలుగు ప్లేట్లు వచ్చింది. ఫోన్ మీదే తెగిపోయింది.

ఖర్చు? ఈ భాగానికి సున్నా. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం, ఎందుకంటే ఆఫీస్ సూట్లు ఎక్కువగా యూజర్‌కి ఇంత అని నెలనెలా వసూలు చేస్తాయి. ‘మీ దగ్గర పదకొండు మంది పనిచేస్తున్నారు, పదకొండు లైసెన్సులు కావాలి’ అని అమ్మేవాళ్లు వస్తారు. ఫామ్ నింపేవాళ్లకు లైసెన్స్ అక్కర్లేదు. లోపలికెళ్లి లెక్క మార్చాల్సినవాళ్లు ఎందరు? ఈ వ్యాపారంలో ఇద్దరు. ఈ లెక్క యజమానికి చెప్పగలిగినవాడే నిజంగా ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని రాసుకోవాలి.

‘తాళం చేతికిచ్చినట్టు కాదా?’

‘గివన్నీ కంప్యూటర్ల ఎక్కిస్తే రేపు టాక్సోళ్లకు నేనే తాళం చేతికిచ్చినట్టు కాదా తమ్మీ?’ ఇది అన్న అడిగిన మొదటి ప్రశ్న. మీరు ఏ దుకాణానికి వెళ్లినా ఇదే అడుగుతారు. దీనికి నవ్వి ఊరుకోకూడదు. భయం ఊరికే పుట్టలేదు. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లావాదేవీల ఆధారంగా చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వెళ్లాయి. బెంగళూరులో చాలామంది క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు పీకేసి క్యాష్ మాత్రమే అని బోర్డు పెట్టారు. పాలు, కూరగాయలు అమ్మేవాళ్లకు కూడా నోటీసులొచ్చాయి, వాటిమీద పన్నే లేకపోయినా.

ఇందులోంచి అన్న ఒక పాఠం తీసుకున్నాడు, నేను దానికి ఎదురు పాఠం తీసుకున్నాను. యూపీఐలో డబ్బు వచ్చిందంటే లెక్క ఎలాగూ బయటే ఉంది. నీ దగ్గర లేనిది ఆ డబ్బు ఎందుకొచ్చిందో చెప్పే కాగితం. పాలు అమ్మినందుకొచ్చిందా, బంధువు అప్పు తీర్చాడా, పన్ను పడే సరుకు అమ్మావా.. అది చూపించగలిగినవాడికి నోటీసు వస్తే జవాబు ఉంటుంది. చూపించలేనివాడికి మొత్తం అమ్మకమే అవుతుంది. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. అన్న ఎప్పుడో దాటాడు, రిజిస్టర్ కూడా అయ్యాడు. అలాంటప్పుడు దాచుకోవడానికి ఏముంది? ప్రతి నెలా 11 లోపు జీఎస్టీఆర్-1, 20 లోపు 3బీ వేయాలి. పన్ను కట్టాల్సి ఉండి ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, పన్ను మీద వడ్డీ. పదో తారీఖు రాత్రి అకౌంటెంట్, వదిన కలిసి నోట్‌బుక్ తిరగేసి బిల్లులు వెతుక్కోవడం నేను చూశాను. ఆ రాత్రి మిగలడమే మొదటి లాభం.

పన్ను ఎగ్గొట్టడానికి లెక్కలు దాచాలనుకునే యజమాని దగ్గరకు వెళ్తే మాత్రం ఆ పని ఒప్పుకోకండి. రెండు సెట్ల పుస్తకాలు మీ చేత రాయిస్తారు, రేపు ఫైల్ ఎవరు తయారు చేశారంటే మీ పేరు చెప్తారు.

రావాల్సిన డబ్బు

చిన్న వ్యాపారం మూతపడేది ఎక్కువగా గిరాకీ లేక కాదు, రావాల్సిన డబ్బు టైంకి రాక. అన్నకు హాస్టళ్లు వారానికోసారి ఇచ్చేస్తాయి. ఆఫీసులే ఆలస్యం. ‘ఫైనాన్స్ టీంకి పంపించాం అన్నా’ అంటారు. ఆ ఫైనాన్స్ టీం ఏ నగరంలో ఉంటుందో అన్నకు తెలియదు. ఈలోపు గ్యాస్ సిలిండర్లవాడికి, బేగంబజార్ కిరాణావాడికి ఈయన అప్పు.

దీనికి చట్టం ఉందని చాలామంది వ్యాపారులకు తెలియదు, కామర్స్ విద్యార్థులు మీకు తెలిసుండాలి. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎంత ఎక్కువైనా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. పైగా ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బీ(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. గడువులోపు చెల్లించకపోతే కొన్న కంపెనీ ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపించుకోగలదు. సరుకు కొని అమ్మే వ్యాపారులకు ఈ రక్షణ లేదు, తయారీదార్లకూ సేవలవాళ్లకే. కేటరింగ్ సేవ కిందకే వస్తుంది. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో ఆధార్‌తో అయిపోతుంది.

ఎంఎస్‌ఎంఈ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చని చెప్తే అన్న నవ్వాడు. ‘కేసు వేస్తే రేపటి నుంచి అన్నం ఇంకొకడు పంపుతడు’. నిజం. చట్టం ఉన్నా కస్టమర్ మీద కేసు వేసే కేటరర్ అరుదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేసే పని చిన్నది, కానీ పనికొచ్చేది. బిల్లు మీద ఉద్యం నంబర్ అచ్చు వేయడం. ఈరోజు తేదీలోంచి బిల్లు తేదీ తీసేసి ఏ బిల్లు ఎన్ని రోజులుగా పెండింగ్‌లో ఉందో ఒక వరుసలో చూపించడం. నెల దాటగానే ఆ కస్టమర్‌కు స్టేట్‌మెంట్ జతచేసిన మెయిల్ మర్యాదగా వెళ్లడం. ఫోన్ చేసి బతిమాలితే వాయిదా వేసేవాళ్లు, ఇన్వాయిస్ నంబర్లు, తేదీలు, ఉద్యం నంబర్ ఉన్న మెయిల్ వస్తే తమ ఆడిటర్‌కు జవాబు చెప్పాలి కాబట్టి కదులుతారు. మార్చి నెలలో మరీనూ.

నోట్‌బుక్ సంగతి

వదిన భయపడింది. కంప్యూటర్ వస్తే తన పని పోతుందని నేరుగా అనలేదు కానీ రెండు రోజులు నోట్‌బుక్ నా చేతికివ్వలేదు. ఇచ్చాక చూస్తే, దాంట్లో ఉన్నది ఏ బిజినెస్ అనలిస్ట్ డాక్యుమెంట్‌కూ తక్కువ కాదు. శుక్రవారం ఏ ఆఫీసులో సగం మంది ఇంటి నుంచి పనిచేస్తారో, ఏ హాస్టల్‌లో పరీక్షలప్పుడు రాత్రి భోజనాలు పెరుగుతాయో, ఏ మేడమ్ ట్రైనీలను వేరే బిల్లులో అడుగుతుందో.. అన్నీ మార్జిన్లలో గుర్తులతో ఉన్నాయి. ఫామ్‌లో ఏం అడగాలో ఆ నోట్‌బుక్కే చెప్పింది. ఇప్పుడు సాయంత్రం చలాన్ ఫొటోలతో ఎంట్రీలు సరిచూసేది ఆమే. షీట్ తాళం ఆమె దగ్గర, అన్న దగ్గర. డెలివరీ పిల్లల దగ్గర లేదు, నా దగ్గరా లేదు.

ఆ చివరి మాట కావాలనే చెప్తున్నా. వ్యాపారం ఖాతా మీ సొంత జీమెయిల్ మీద తెరవకండి. ఖాతా వ్యాపారం పేరున, రికవరీ ఫోన్ నంబర్ యజమానిది. మీకు రేపు బెంగళూరులో ఉద్యోగం వస్తే వాళ్ల లెక్కలు మీతో పాటు రైలెక్కకూడదు. అలాగే ఉచితంగా చేయకండి. ‘నేర్చుకుంటున్నావు కదా’ అంటారు. నేర్చుకునేది మీరు, నెలకు 6,300 మిగుల్చుకునేది వాళ్లు. ఎంత తీసుకోవాలో మాట్లాడుకోండి, ఒక కాగితం మీద రాసుకోండి.

ఎక్సెల్ వచ్చు అనుకునేవాళ్లకు రెండు హెచ్చరికలు. బ్యాంకు ఖాతా నంబర్‌ను మామూలు నంబర్‌లా కొడితే 15 అంకెల తర్వాతివి సున్నాలైపోతాయి. ముందే ఆ గడిని టెక్స్ట్‌గా మార్చాలి. తేదీ 5/6 అని కొడితే అది జూన్ 5 అవుతుందా, మే 6 అవుతుందా అన్నది కంప్యూటర్ సెట్టింగ్ బట్టి ఉంటుంది. ఇవి పిల్లల తప్పులని కొట్టిపారేయకండి. 2020లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా ఎక్కాయి. పాత ఎక్సెల్ ఫార్మాట్‌లో 65,536 వరుసలకు మించి పట్టవని చూసుకోకపోవడమే కారణం.

ఇదంతా చేస్తే ఉద్యోగం వస్తుందా అని అడుగుతారు. అమీర్‌పేటలో శాప్ కోర్సు చేసినవాళ్లకు ‘ఆర్డర్ టు క్యాష్’ అనే మాట కంఠతా వస్తుంది. ఆర్డర్, డెలివరీ, ఇన్వాయిస్, వసూలు. ఎక్కువమందికి అది స్క్రీన్‌షాట్ల వరుస మాత్రమే. డెలివరీ అయ్యాక పరిమాణం మారితే ఏం చేయాలి, కస్టమర్ సగం డబ్బే కడితే ఎక్కడ రాయాలి అని ఇంటర్వ్యూలో అడిగితే ఆగిపోతారు. ఆ ఐదు ట్రైనీ ప్లేట్ల చలాన్ చూసినవాడు ఆగడు. ఈఆర్పీ ఇంప్లిమెంటేషన్, సపోర్ట్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగాలకు కోడింగ్‌లో మొదటి ర్యాంకర్ అక్కర్లేదు. వ్యాపారి భాషను సాఫ్ట్‌వేర్ భాషలోకి మార్చగలిగితే చాలు. తెలుగు, కొంచెం ఉర్దూ కలిసిన మన మాట కూడా ఇక్కడ అర్హతే.

బోరబండ నుంచి రహ్మత్‌నగర్ మీదుగా దిగితే యూసుఫ్‌గూడలో ని-ఎంఎస్‌ఎంఈ సంస్థ ఉంది. 1962 నుంచి హైదరాబాద్‌లో ఉన్న సంస్థ. 1964లో హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్‌లెలాండ్ కాకినాడ చిన్న వ్యాపారులను ఇక్కడికి పిలిపించి, సాధించాలన్న కసిని శిక్షణతో పెంచవచ్చా అని ప్రయోగం చేశాడు. ప్రపంచమంతా మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్పుకునే ప్రయోగం అది. మా అన్నకు ఆ శిక్షణ అక్కర్లేదు, కసి ఆయనకు మూడున్నరకే లేస్తుంది. ఆయనకు తక్కువైంది పదో తారీఖు రాత్రి ప్రశాంతత.

ఒక భాగం మాత్రం మేం ముట్టుకోలేదు. బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయలు అన్న కంటితో చూసి, బేరమాడి, క్యాష్ ఇచ్చి తెస్తాడు. బిల్లుండదు. టమాటా ధర పొద్దున ఒకటి, గంట తర్వాత ఒకటి. దానికీ ఒక ఫామ్ పెడదామా అని అకౌంటెంట్ అడిగాడు. అన్న ఒప్పుకోలేదు. ఆ లెక్క ఇంకా వదిన నోట్‌బుక్‌లోనే, పెన్సిల్‌తో ఉంది.